ఒప్పించు, లేదా ఒప్పుకో

పదో తరగతి పిల్లవాణ్ణి పౌరుడి ప్రాథమిక విధులేమిటని అడిగి చూడండి. ఎక్కాలు అప్పజెప్పినట్టు గడగడా చెప్పేస్తాడు. 1976లో రాజ్యాంగంలో చేర్చినవి 10, 2002లో చేరింది పదకొండోది. "మరి చట్టమే అన్యాయంగా ఉంటే ఏం చెయ్యాలిరా?" అనండి. "అది సిలబస్సులో లేదు" అంటాడు!

లేదనే నా బాధ. పౌరశాస్త్రం మొదలవవలసింది ఆ ప్రశ్న దగ్గరే కదా.

క్రీ.పూ. 399లో ఏథెన్సు న్యాయస్థానం సోక్రటీసుకి మరణశిక్ష వేసింది. స్నేహితుడు క్రిటో తెల్లవారకముందే జైలుకొచ్చి, అన్నీ సిద్ధం చేశాను, పారిపొమ్మన్నాడు. పిల్లల మొహమైనా చూడమన్నాడు. సోక్రటీసు కదల్లేదు. డెబ్భై ఏళ్ళు ఈ ఊరి చట్టాల నీడన బతికాను. తప్పనిపిస్తే ఒప్పించాలి, లేదా ఒప్పుకోవాలి, దొంగచాటుగా పోవడమేమిటన్నాడు. ప్లేటో రాసిన 'క్రిటో' ఒక్క పూటలో చదివెయ్యొచ్చు.

దాని పక్కనే థోరో వ్యాసం పెట్టాలి. బానిసత్వాన్ని కాపాడే ప్రభుత్వానికి పన్ను కట్టనని ఆయన 1846లో అమెరికాలో జైలుకెళ్ళాడు. ఎవరో కట్టేస్తే మర్నాడే వదిలేశారనుకోండి! అన్యాయంలో మనం చెయ్యి కలపకూడదన్న ఆయన వ్యాసం 1849లో అచ్చయింది. గాంధీగారు ఇద్దర్నీ చదివారు. కోర్టులో సోక్రటీసు చెప్పుకున్న జవాబుని 1908లో గుజరాతీలో రాశారు కూడా.

ఒకాయన జైలునుంచి పోనన్నాడు, ఒకాయన జైలుకే పోయాడు. ఎవరిది ఒప్పు? హైస్కూలు పిల్లలు రెండు జట్లయి వాదించుకోవాలి. వాదిస్తూండగా వాళ్ళకే తడుతుంది, ఇద్దరిలో ఎవరూ దాక్కోలేదని, శిక్ష తప్పించుకోవాలని చూడలేదని. హోంవర్కు ఎగ్గొట్టి సత్యాగ్రహమనే వాడికి ఆ తేడా తెలియాలి. అందుకే 'క్రిటో' ముందు చదివించమంటాను.

మనలో మన మాట. ఇలాంటి చదువంటే మాస్టారికంటే మనకే భయం ఎక్కువ. అమ్మాయి ఇంటికొచ్చి, "అన్నయ్య తిన్న కంచం నేనెందుకు తియ్యాలి?" అంటుందేమోనని. "ఎదురు చెప్పకు" అనే మాట మన నాలిక చివరే ఉంటుంది. ఇంట్లో నోరెత్తనివ్వని పిల్ల, పద్ధెనిమిదేళ్ళు నిండి ఓటు రాగానే ఊళ్ళో నిలబడి ఎలా అడుగుతుందండీ? సోక్రటీసు తలవంచింది ఒప్పించే అవకాశమిచ్చిన చట్టాలకి. ఆ అవకాశం ఇవ్వకుండా విధేయత మాత్రం కావాలనే హక్కు ఇంటికి ఎక్కడిది?

కంచం సంగతంటారా? ఎందుకు తియ్యాలో అమ్మాయిని ఒప్పించమనండి. నాకైతే అటువైపు చెప్పడానికి ఒక్క మాటా దొరకడంలేదు.