అవ్వ ఫొటో



సమాధుల పండుగకు ముందు చిత్తూరు పక్క పల్లెనుండి ఒక కుటుంబం రెండు ఫొటోలు పట్టుకొని నా దగ్గరకు వచ్చింది. ఆ ఏడాదే వాళ్ల అవ్వ చనిపోయింది. మొదటిది స్టూడియోలో తీసింది. ముఖంమీది ముడతలు లెక్కపెట్టవచ్చు. రెండవది పాస్కా జాగరణ రాత్రి, గుడిలో దీపాలన్నీ ఆర్పి, పాస్కా వత్తినుండి అందరమూ కొవ్వొత్తులు వెలిగించుకొన్నప్పుడు మనవడు సెల్‌ఫోనుతో తీసింది. అవ్వ ముఖం చెదిరింది, మంట గీతలాగా సాగింది.

"షేకయిన ఫొటోకు పటం కట్టిస్తే నలుగురూ నవ్వుతారు ఫాదర్" అన్నాడు కొడుకు.

"మా అవ్వ ఇందులోనే ఉంది" అన్నాడు మనవడు.

పిల్లవాడి తప్పు ఎంత? నాకూ ఒకప్పుడు ఫిల్ము కెమెరా ఉండేది. 50 మి.మీ. లెన్సు చేతబట్టి తీస్తే సెకనులో 50వ వంతుకన్న ఎక్కువసేపు తెరవరాదనేవారు. కొవ్వొత్తి వెలుగులో 400 ఫిల్ముతోనైనా 15వ వంతు దాకా తెరవక తప్పేది కాదు. ఈనాటి ఫోన్లు వరుసగా కొన్ని ఫొటోలు తీసి ఒకటిగా కలిపి, చేతి వణుకును చాలామట్టుకు సర్దుతాయి. ఎదుటి మనిషి కదిలితే మాత్రం పూర్తిగా సర్దలేవు. అవ్వ పాడుతూ ఉంది మరి! ఫ్లాష్ వేసి ఉంటే ముఖం స్పష్టంగా వచ్చేది, కొవ్వొత్తి వెలుగు పోయేది.

అయితే "దేవుడు మనసు చూస్తాడులే" అంటూ అజాగ్రత్తకు ముసుగు వేయడం నాకు నచ్చదు. (పెండ్లి ఫొటోలు తీసేవారు ఈ వ్యాసాన్ని సాకుగా చూపవద్దని మనవి.) స్తంభానికి ఆనుకోవాలి, మోచేతులు డొక్కలకు ఆనించాలి, ఊపిరి బిగబట్టాలి, ఒకటికి మూడు తీయాలి. అడిగాను. అన్నీ చేశాడట. చేయగలిగినంతా చేశాక మిగిలిన లోపానికి మనిషిని తప్పుపట్టడం న్యాయం కాదు. ఏ విషయంలోనైనా దాని స్వభావానికి తగినంత ఖచ్చితత్వాన్నే కోరడం వివేకి లక్షణమని అరిస్టాటిల్ తన నీతిశాస్త్రంలో అంటాడు. సెమినరీలో మార్కులకోసం చదివిన ఈ మాట నాకు కొరుకుడుపడింది ఆ రోజే.

స్టూడియో ఫొటో అబద్ధమనలేను. కాని అందులో ఉన్నది స్టూలుమీద బిగుసుకొని కూర్చున్న ఒక ముసలమ్మ. జాగరణకు కొవ్వొత్తి పట్టుకొని నిలబడిన మనిషి అందులో లేదు. నేను మనవడి పక్షమే వహించాను.

చివరికి స్టూడియో ఫొటో సమాధి దగ్గరకు వెళ్లింది. రెండవది వాళ్లింట్లో తిరుహృదయ పటం పక్కన ఉంది. కొడుకు మాత్రం ఇంకా ఒప్పుకోలేదు.