గురువు మాట వినకపోతే కృతజ్ఞత లేనట్టేనా?

గురుపూర్ణిమకి స్టేటస్ పెట్టడం తేలికే. కానీ మనకి నేర్పిన మనిషి చెప్పిందే మనకి నచ్చకపోతే? అప్పుడు థాంక్స్ ఎలా చెప్తాం?

విరాటపర్వంలో ఉత్తర గోగ్రహణం గుర్తు తెచ్చుకోండి. ఏడాది అజ్ఞాతవాసం తర్వాత అర్జునుడు మళ్లీ గాండీవం పట్టాడు. ఎదురుగా కౌరవసేన, అందులో ద్రోణాచార్యులు. అర్జునుడు వేసిన రెండు బాణాలు ఆయన పాదాల దగ్గర పడ్డాయి. ఇంకో రెండు చెవులని తాకీ తాకనట్టు వెళ్లిపోయాయి. ద్రోణులకి అర్థమైంది: పాదాలకి నమస్కారం పెట్టి, చెవిలో కుశలం అడుగుతున్నాడు! గాయం చెయ్యకుండా చెవి పక్కనుంచి పంపేంత గురి నేర్పింది కూడా ఆయనే కదా.

తర్వాత అర్జునుడు యుద్ధం మానేశాడా? లేదు. 'ముందు మీరు కొడితేనే నేను కొడతాను' అన్నాడు, అంతే. ద్రోణులు కొట్టారు, అర్జునుడూ కొట్టాడు. నాకు చాలా ఇష్టమైన ఘట్టం ఇది.

ఎందుకంటే, డిగ్రీలో మా లెక్కల మాస్టారు ఎమ్మెస్సీ చెయ్యమన్నారు. నేను వినకుండా ఉద్యోగంలో చేరాను. మొహం చెల్లక ఆరేళ్లు ఫోన్ చెయ్యలేదు. కానీ ఆఫీసులో ఏ టోటల్ వేసినా ఇప్పటికీ కింది నుంచి పైకి ఇంకోసారి కూడి చూస్తాను. ఆ అలవాటు ఆయనదే.

మొన్న ఆదివారం చేశాను. ఎమ్మెస్సీ సంగతి ఎత్తలేదు, ఈ అలవాటు గురించే చెప్పాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"రెండుసార్లూ ఒకే జవాబు వస్తోందా?" అని అడిగారు.