పాత మోటారు సైకిలు: బాగుచేయించుదుమా, విప్పి అమ్ముదుమా?

ధ్యానించవలసిన భాగములు: లూకా 14:28–30; మార్కు 7:9–13; 2 రాజులు 18:4



ప్రశ్న చిన్నదిగానే కనబడును. కొట్టములో ఒక పాత మోటారు సైకిలు నిలిచియున్నది. టైర్లు చీలినవి, ట్యాంకు తుప్పుపట్టినది, ఎంత కిక్కు కొట్టినను ఇంజను పలుకదు. డబ్బుపెట్టి దానిని బాగుచేయించవలెనా? లేక విప్పి, పనికివచ్చు భాగములను ఒక్కొక్కటిగా అమ్మి, మిగిలినది తుక్కునకు వేయవలెనా? ఇది మెకానిక్కును అడుగవలసిన మాట గాని అయ్యగారిని అడుగవలసిన మాటా అని కొందరు నవ్వుదురు. అయితే మన రుద్రవరము ప్రాంతములో ఒక ఇంట అన్నదమ్ములు ఈ సంగతిమీదనే నెలల తరబడి మాటలు మానుకొనుట మేము చూచితిమి. సహోదరులు విడిపోవుచోట ప్రశ్న యంత్రమును గూర్చినది మాత్రమే కాదు.

ఆ ఇంటి తండ్రి బడిపంతులు. ఆదివారములయందు తన బుల్లెట్టు బండిమీద పల్లెలకు వెళ్లి వాక్యము చెప్పుచుండెను. వానకాలములో మన నల్లరేగడి చక్రములకు అంటుకొనినప్పుడు పుల్లతో గోకుచు ముందుకు సాగెను గాని తిరిగి రాలేదని పెద్దలు ఇప్పటికిని చెప్పుదురు. ఆయన ప్రభువునందు నిద్రించిన తరువాత పట్టణములో ఉద్యోగము చేయు పెద్ద కుమారుడు, “నాయన బండిని క్రొత్తదానివలె చేయించెదను” అనెను. పొలము చేసుకొని అప్పులలోనున్న చిన్నవాడు, “విప్పి అమ్ముదము” అనెను. అన్నకు తమ్ముడు ధనాశాపరుడుగాను, తమ్మునికి అన్న ఆడంబరుడుగాను కనబడిరి.

ఇద్దరి మాటలలోను కొంత న్యాయమున్నది. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డు ఇండియా కంపెనీ ఏర్పడెను. ఇంగ్లండులోని మాతృసంస్థ 1970 నాటికి మూతపడినను మద్రాసులో బుల్లెట్టు తయారగుచునే వచ్చెను. అనేక సంవత్సరములు దాని ఇంజను రూపము పెద్దగా మారలేదు గనుక భాగములు దొరకును, పాత బండికి మరల ప్రాణము పోయవచ్చును. జావా బండ్ల సంగతి వేరు. మైసూరులోని వాటి కర్మాగారము 1996లో మూతపడెను. ఆ పేరుతో 2018లో క్రొత్త బండ్లు వచ్చినను అవి పాతవాటివంటివి కావు. కాబట్టి విప్పబడిన ఒక పాత జావాయే మరి రెండు మూడు పాత జావాలను నడిపింపవచ్చును. విప్పుట ఎల్లప్పుడును నాశనము కాదు, బాగుచేయుట ఎల్లప్పుడును భక్తి కాదు. అయితే దేనిని బట్టి నిర్ణయింపవలెను?

మొదటిది, సత్యముగా లెక్క చూడవలెను. గోపురము కట్టగోరువాడు ముందు కూర్చుండి ఖర్చు లెక్కించునని ప్రభువు చెప్పెను. చాసిస్ గట్టిగానున్నదా? దానిమీది నంబరు, ఇంజను నంబరు ఆర్.సి. పుస్తకముతో సరిపోవుచున్నవా? క్రాంకు పెట్టె పగిలినదా? రంగు వేయుట సులభము, మెరుపు కన్నులను మోసపుచ్చును. సొంత బండి రిజిస్ట్రేషను 15 సంవత్సరములు చెల్లును, తరువాత ఐదేసి సంవత్సరములకు పొడిగించుకొనవలెను. 50 సంవత్సరములు దాటి అసలు రూపు చెడని బండ్లకు 2021లో ప్రత్యేక నియమములు వచ్చెను. వాటి క్రింద క్రొత్తగా నమోదు చేయుటకు రుసుము 20,000 రూపాయలు, అయినను అట్టి బండిని నిత్యము రోడ్డుమీద త్రిప్పరాదు. ఇవన్నియు చూడక ఆరంభించువాడు సగము విప్పిన బండిని గోనెసంచులలో దాచుకొని మిగులును.

రెండవది, ఎవరి అన్నముతో బాగుచేయుచున్నామో చూడవలెను. తలిదండ్రులకు చెందవలసినదానిని కొర్బాను అని, దేవునికి అర్పితమని చెప్పి తప్పించుకొనువారిని ప్రభువు గద్దించెను. మంచి పేరు పెట్టినంతమాత్రమున తప్పిన బాధ్యత తీరదు. “నాయన జ్ఞాపకార్థము” అనునదియు ఒక్కొక్కప్పుడు కొర్బాను కావచ్చును. ఆ ఇంట తల్లికి రెండు కన్నులలో శుక్లములు కమ్మెను. గడప దాటుటకు గోడ తడుముకొనుచుండెను. చనిపోయిన తండ్రి బండిని గూర్చి వాదించిన కుమారులు బ్రదికియున్న తల్లి కన్నులను గూర్చి ఒక్కనాడును వాదింపలేదు. తమ్ముడును ఆ సొమ్మును తన అప్పునకే లెక్కవేసికొనెను గాని తల్లికి కాదు.

మూడవది, ఆ వస్తువు దేనికొరకు నిలుచునో అడుగవలెను. మోషే చేసిన ఇత్తడి సర్పము ఒకప్పుడు అనేకులను బ్రదికించెను. తరువాతి తరములవారు దానికి ధూపము వేయగా హిజ్కియా దానిని ముక్కలు చేసెను. అతడు మోషేను అవమానింపలేదు. మోషే చూపిన దేవునివైపు జనులను మరల్చెను. తండ్రి బండి మరల ఒకనిని పల్లెకు మోయునెడల దానిని బాగుచేయించుట మంచిది. చావడిలో దండ వేసికొని నిలుచుటకే అయితే జాగ్రత్త పడవలెను.

ఆ తల్లి కుమారులను ఒక్క మాట అడిగెను: “మీ నాయన వానొచ్చినా దానిమీద పల్లెలకు పోతాండె. ఇప్పుడు బాగు చేపిస్తే దానిమీద ఎవరు పోతారు, యాడికి పోతారు?” ఇద్దరును తల వంచుకొనిరి. మెకానిక్కు చూడగా క్రాంకు పెట్టె పగిలియుండెను, చాసిస్‌ను తుప్పు తినివేసెను. బండిని విప్పిరి. ఆ సొమ్ము తల్లి కన్నుల చికిత్సకు వెళ్లెను. పెద్ద కుమారుని దుఃఖము పూర్తిగా తీరలేదు. తీరవలెనని మేమును చెప్పలేదు. దుఃఖపడుట పాపము కాదు.

విప్పువారికి ఒక మాట. దొంగత్రాసు యెహోవాకు హేయమని సామెతలు 11:1 బోధించుచున్నది. అరిగిన పిస్టనును మంచిదని అమ్ముట దొంగత్రాసే. కొనువాడును బేరము కొరకు మంచి వస్తువును చెడ్డదనరాదు (సామెతలు 20:14). బండిని శాశ్వతముగా విప్పినయెడల 14 దినములలో రవాణా కార్యాలయమునకు తెలిపి ఆర్.సి. అప్పగించవలెనని చట్టము. చాసిస్‌ను నంబరుతో సహా ఎవనికో విడిచిపెట్టినయెడల అది రేపు ఒక దొంగబండికి ముసుగు కావచ్చును. అప్పుడు ఆ పెద్దాయన పేరు ఏ కాగితములకు ఎక్కునో ఆలోచించుడి.

తుదకు ఒక హెచ్చరిక. యంత్రమునకు ఒక న్యాయము, మనుష్యునికి మరియొక న్యాయము. పనికివచ్చు భాగము ఉంచుకొని పనికిరానిది పారవేయుట ఇనుమునకు చెల్లును. అదే లెక్క మెల్లగా ఇంటిలోనికి వచ్చును. చేతులు ఆడినంతకాలము అమ్మ, ఆడనప్పుడు భారము. పింఛను వచ్చు దినమున నాయన, తక్కిన దినములలో మంచము మూల. ఏ వృద్ధునిని దేవుడు తుక్కుగా ఎంచడు. నలిగిన రెల్లును ఆయన విరువడు (యెషయా 42:3). కుమ్మరి చేతిలో చెడిన కుండమన్నును ఆయన పారవేయక మరల కుండగా చేయును (యిర్మీయా 18:4). మన శరీరములు మన్నైపోయినను వాటిని మహిమతో లేపును. మనుష్యుని విషయములో ఆయన ఖర్చు లెక్కించి, తన కుమారునే ఇచ్చెను.

కాబట్టి ప్రియులారా, బండిని గూర్చి మీకు తోచినట్లు నిర్ణయించుకొనుడి, సమాధానముగా నిర్ణయించుకొనుడి. అంతకుముందు లోపలికి వెళ్లి, మంచముమీదనున్న పెద్దలకు ఏమి కావలెనో అడుగుడి. అట్టి మనస్సు ప్రభువు మనకందరికిని అనుగ్రహించును గాక. ఆమేన్.