ఉద్యోగం ఎవరిది? సింగరేణి వారసత్వ నియామకాలు: ఒక నైతిక విచారణ

'మానవ వనరులు' అన్న పదబంధంలోనే ఒక తీర్పు ఇమిడి ఉంది. వనరు అంటే వినియోగించుకొనేది. బొగ్గు వనరే, దానిని తవ్వే మనిషినీ ఆ పేరుతోనే పిలవవచ్చునా? అమెరికాలో చాలా రాష్ట్రాలలో, చట్టం నిషేధించిన కారణాలు మినహా, యజమాని ఏ కారణమూ చూపకుండానే ఉద్యోగిని తొలగించవచ్చు. జపానులోని పెద్ద సంస్థలు రెండవ ప్రపంచయుద్ధానంతరం చదువు ముగించిన యువకుణ్ణి చేర్చుకొని పదవీ విరమణ వరకు నిలుపుకొనే పద్ధతిని పాటించాయి. జర్మనీ 1976 నాటి చట్టం ద్వారా 2,000 మందికి పైగా పనిచేసే కంపెనీల పర్యవేక్షక మండళ్ళలో సగం స్థానాలను ఉద్యోగులకు కేటాయించింది. ఇవి ఒకదానితో ఒకటి ఎంత విభేదించినా, మూడు చోట్లా పని ఒప్పందం ఒక్క మనిషితోనే. సింగరేణి కార్మికుని వాదన వేరు: గనిలోకి దిగేది తానొక్కడే అయినా, దాని భారం మోసేది ఇంటిల్లిపాదీ.

ఇల్లెందు ప్రాంతంలో 19వ శతాబ్ది చివర మొదలైన తవ్వకం ఉమ్మడి వరంగల్ జిల్లాలోని భూపాలపల్లి దాకా విస్తరించింది. అక్కడి గనులకు కాకతీయ ఖని అని పేరు. కార్మికుడు తప్పుకొంటే అతని కుటుంబంలో ఒకరికి పని ఇచ్చే ఆనవాయితీ ఈ సంస్థలో చాలాకాలం నడిచి, ఆగిపోయింది. 2016లో దానిని పునరుద్ధరించగా, 2017లో హైదరాబాదులోని ఉన్నత న్యాయస్థానం ఆ పథకాన్ని కొట్టివేసింది. ప్రభుత్వరంగ ఉద్యోగం వంశపారంపర్యం కావడం రాజ్యాంగం హామీ ఇచ్చిన సమానావకాశానికి విరుద్ధమన్నది ఆ తీర్పు సారం. అటుపిమ్మట, వైద్యపరంగా అనర్హుడైన కార్మికుని వారసునికి 'కారుణ్య నియామకం' అనే మార్గం మిగిలింది.

తీర్పులోని తర్కాన్ని కాదనలేము. ఓపెన్‌కాస్టు కింద పొలం పోగొట్టుకొన్న రైతు బిడ్డకు ఆ ఉద్యోగంపై ఆశ ఉండకూడదని ఎవరనగలరు? వారసత్వ చర్చలో అల్లుని పేరు వినిపించినంతగా కూతురి పేరు వినిపించకపోవడమూ గమనించదగినదే. అయినా 'కారుణ్యం' అన్న మాట దగ్గర ఆగక తప్పదు. కరుణ ఇచ్చేవాని గుణం. బాకీ పొందవలసినవాని హక్కు. భర్త షిఫ్టు మారినప్పుడల్లా ఇల్లాలి నిద్రవేళ మారింది. గనిలో ప్రమాదమన్న వార్త వస్తే పరుగెత్తింది ఆమే. ఆ కుటుంబం అడిగినది దయ కాదు.

అయితే తండ్రి ఆరోగ్యాన్ని హరించిన పనినే కొడుకుకు పరిహారంగా ఇవ్వడం బాకీ తీర్చడమవుతుందా? కాదనే ఈ వ్యాసకర్త అభిప్రాయం. కాని 1998 నాటి బొగ్గుగనుల పింఛను పథకం కింద అందే మొత్తం ఎంత స్వల్పమో విరమించిన కార్మికులకు తెలుసు. వారు కొడుకు ఉద్యోగం కోసం పట్టుబట్టినప్పుడు, నిజానికి అడుగుతున్నది తమ వృద్ధాప్యానికి భరోసా.