ఈతాకు ఆటేనా?

మూడేళ్ల బిడ్డ చేతికి ఈతాకు ఇచ్చి చిలకనో, ఉంగరాన్నో చెయ్యమంటే అది ఆటా, కులం పనా? బయటివాళ్లకు ఇది ప్రశ్నే కాదు. ఎరుకల, యానాది, సుగాలి పిలకాయలకు చదువు చెప్పే మనకు మాత్రం గొంతులో పడ్డ వెలక్కాయ. చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో మన టీచర్లు నలుగురు కలిసిన చోటల్లా ఈ మాట వస్తుంది. వచ్చినప్పుడల్లా రెండు పక్షాలవుతాం.

పలమనేరు వైపు ఒక ఎరుకల కాలనీ. అక్కడి అంగన్‌వాడీలో బిడ్డలకు ఈతాకు అల్లిక చూపిస్తున్నారని విని ఒక తండ్రి వచ్చి అడిగాడు: "బుట్టలల్లేదానికైతే ఇంట్లోనే ఉండును గదా సారూ, ఇక్కడికెందుకు పంపేది?" ఆయన కోపంగా అడగలేదు, భయపడి అడిగాడు. ఆ భయం ఆయన ఒక్కడిది కాదు, తాతల నాటిది.

మన పేర్లే చూడండి. వెదురు దబ్బలతో గంపలు అల్లేవాళ్లు దబ్బ ఎరుకల. ఈతతో అల్లేవాళ్లు ఈత ఎరుకల. నేతగాళ్లకు కుంచెలు కట్టేవాళ్లు కుంచె ఎరుకల. ఉప్పు మోసుకొచ్చి ఊరూరా అమ్మినవాళ్లు ఉప్పు ఎరుకల. బిడ్డకు పేరు పెట్టకముందే పని పెట్టేశారు. అది చాలదన్నట్టు 1871 నాటి నేరస్త జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు రాజధానికీ తెచ్చారు. మనవాళ్లను సెటిల్‌మెంట్లలో ఉంచి, హాజరు వేసి, పనిలో పెట్టి, దానికి బాగుచెయ్యడం అని పేరు పెట్టారు. ఆ చట్టం 1952లో పోయింది. మరుసటి ఏడే, రాజాజీ ముఖ్యమంత్రిగా ఉండగా, మద్రాసు రాష్ట్రపు పల్లె బడులకు ఒక పథకం వచ్చింది. రోజుకు మూడు గంటలు బడి, మిగతా పొద్దు తల్లిదండ్రుల వృత్తి. 1953 జూన్‌లో బడులు తెరిచేనాటికి మన చిత్తూరు ఇంకా మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. ఆంధ్ర రాష్ట్రం పుట్టింది అక్టోబరు 1న గదా. ఇది కులవిద్య అని పెరియార్ మొదలు ఎందరో ఎదిరించారు. 1954లో కామరాజ్ వచ్చాక దాన్ని ఎత్తేశారు. రాజాజీ ఉద్దేశం ఏమైనా కానీ, దాని ప్రకారం చాకలి బిడ్డ రేవుకు, ఎరుకల బిడ్డ వెదురు దగ్గరికి తప్ప ఎక్కడికి పోతుంది? పలమనేరు తండ్రికి ఈ చరిత్ర తెలియకపోవచ్చు. ఆయన అడిగింది మాత్రం దీన్నే.

కాబట్టి మనలో ఒక పక్షం అంటుంది: ఈతాకు వద్దు, వెదురు వద్దు, బంకమట్టి ఎండ్రకాయలు వద్దు. పలకా బలపం, రంగుల పుస్తకం చాలు. పట్నం పిలకాయలకు ఏముందో మన పిలకాయలకూ అదే ఉండాలి.

ఈ మాటలో న్యాయం ఉంది. అయితే పట్నం పిలకాయలకు ఏముందో ఒకసారి పోయి చూద్దాం. తిరుపతిలో ఫీజు కట్టి చదివే ఎల్‌కేజీలో బిడ్డలు రంగు కాగితాన్ని పట్టీలుగా కత్తిరించి, ఒకటి పైకి ఒకటి కిందికి దూర్చి చాప అల్లుతారు. ఫోటో తీసి తల్లిదండ్రులకు పంపుతారు, దానికి క్రాఫ్ట్ యాక్టివిటీ అని పేరు. ఇది ఇవాళ పుట్టింది కాదు. జర్మనీలో ఫ్రోబెల్ అనే ఆయన తన పసిపిల్లల బడికి 1840లో కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టాడు. పిల్లల చేతులకు ఆయన ఇచ్చిన పనుల్లో కాగితం అల్లిక ఒకటి. వేళ్లకు పట్టు వస్తుంది, ఒకటి విడిచి ఒకటి అనే లెక్క వస్తుంది, కన్నూ చెయ్యీ కలుస్తాయి. మన అవ్వ ఈతాకుతో చేసేదీ అచ్చం అదే అల్లిక. కాగితంతో చేస్తే చదువు, ఆకుతో చేస్తే కులం! ఈ తేడా ఆకులో లేదు, చూసేవాళ్ల కళ్లల్లో ఉంది. ఆ కళ్లకు జడిసి మన బిడ్డ చేతిలోంచి ఆకు లాక్కుంటే, వాళ్ల మాటే నిజమని మనమే ఒప్పుకున్నట్టవుతుంది.

అలాగని ఆకు ఇస్తే చాలు, సంస్కృతి నిలిచింది అని చప్పట్లు కొట్టే పక్షంతోనూ మనం కలవలేం. ఆట ఏదో పని ఏదో తేల్చేది బిడ్డ. నాలుగేళ్ల పిల్ల సగం అల్లి, విసుగు పుట్టి, ఆకు పారేసి చీమల వెంట పరుగెత్తిందనుకోండి. అది ఆట. పోనిద్దాం. "పూర్తి చెయ్యి" అన్నామంటే అది పని. "నీకు బాగా వస్తుందిలే, మీ వాళ్లది ఇదే గదా" అన్నామంటే అది కులం. ఆ గదిలో రెడ్ల బిడ్డ, సాయిబుల బిడ్డ, మాల బిడ్డ, ఎరుకల బిడ్డ ఒకే చాప మీద కూర్చుని అల్లితేనే అల్లించాలి. ఎరుకల బిడ్డకు ఆకూ, మిగతావాళ్లకు క్రేయాన్సూ అనే రోజు వస్తే ఆకును బయట పారెయ్యాల్సింది మనమే. బిడ్డలు చేసినవి అమ్మకానికి పెట్టకూడదు, ఆఫీసరు వచ్చినప్పుడు వరసగా పేర్చి చూపించకూడదు. అక్షరాలకిచ్చే వేళను ఆకు తినెయ్యకూడదు. ఆ తండ్రికి చెప్పదగిన జవాబు ఇదే అనిపిస్తుంది. రోజూ వచ్చి చూడమని కూడా ఆయనకు చెప్పాలి.

ఇక చేతిపని సంగతి. ఈతాకు కొసన ముల్లుంటుంది, దాన్ని పెద్దవాళ్లే ముందుగా కత్తిరించి ఇవ్వాలి. వెదురు దబ్బ అంచు బ్లేడులా కోస్తుంది, అయిదేళ్లలోపు చేతులకు అది వద్దే వద్దు. చింతగింజలు మూడేళ్లలోపు బిడ్డలకు ఇస్తే ముక్కులో, చెవిలో పెట్టుకుంటారు. నాలుగు దాటినవాళ్లకు మాత్రం చింతగింజ కంటే మంచి లెక్కల పుస్తకం లేదు. వామనగుంటల ఆట మొత్తం వాళ్లకు రాదు. పద్నాలుగు గుంటల్లో గుంటకొక గింజ వేసుకుంటూ పోవడం వస్తుంది. ఒక అంకెకు ఒక వస్తువు అనే సంగతి, ఒకటో తరగతిలో మనం తలకాయ పగలగొట్టుకునే సంగతి, అక్కడే తేలిపోతుంది. ముంజలు తిన్నాక మిగిలిన తాటి బుర్రలు రెండిటికి పుల్ల గుచ్చితే బండి. తాటాకు ముక్కకు ముల్లు గుచ్చి గాలికి ఎదురుగా పరిగెత్తితే గిలక. పులికాట్ వైపు యానాది పిలకాయలకు ఏ బొక్క ఎండ్రకాయది, ఏ బొక్క ఎలకది, దేంట్లో చెయ్యి పెట్టకూడదు అన్నీ తెలుసు. బంకమట్టిలో బొక్కలు చేసి ఎవరిది ఏదో చెప్పమంటే, ఆ పూట గదికంతా వాళ్లే అయ్యవార్లు.

పాటల సంగతి ఇంకా చిక్కు. వాన రాకపోతే కప్పను రోకలికి కట్టి ఇంటింటికీ తిప్పి నీళ్లు పోసే ఊళ్లు మనవి. అటువంటి సీమలో బిడ్డలు చేతులూపుతూ వానను పొమ్మని ఇంగ్లీషులో పాడుతుంటారు. ఇంగ్లీషు పాట వద్దనడం లేదు, కానివ్వండి. కానీ ఇంట్లో ఎరుకల మాట, తమ నోట కుర్రు బాస, వినే బిడ్డకు బడిలో ఒక్క పదమైనా ఆ బాసలో వినిపించదే! ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో ఎనిమిది ఆదివాసీ భాషల్లో బడి మొదలుపెట్టారు. గోండి, కోయ, కొలామి, కువి, సవర, కొండ, ఆదివాసీ ఒరియా, బంజారా. సుగాలీల మాటకు చోటు దొరికింది. ఎరుకలకు దొరకలేదు. 2020 విద్యా విధానం ఇంటి భాషలో మొదలుపెట్టమంటుంది. 2023లో ఢిల్లీ నుంచి జాదూయి పిటారా అని బొమ్మలు, పొడుపు ఆటలు, తోలుబొమ్మలు ఉన్న పెట్టె కూడా విడుదలైంది. పెట్టె మంచిదే, అందులో కుర్రు పాట మనం వేస్తేనే ఉంటుంది.

వెయ్యొచ్చా అనేది వేరే ప్రశ్న. పోలీసు కంచె లోపల బతికిన తాతలకు ఆ బాస ఒక గోడ. బయటివాళ్లు దాన్ని దొంగ బాస అన్నారు, అందుకే అమ్మలు ఇప్పటికీ బస్సులో బిడ్డ నోరు మూస్తారు. ఆ గోడను పగలగొట్టే హక్కు డిప్లొమా చేసినంత మాత్రాన మనకు రాదు. ఏ జోలపాట బడికి రావొచ్చు, ఏది ఇంట్లోనే ఉండాలి అని తల్లులనే అడగాలి. వద్దంటే వద్దు. వేళ్లు లెక్కపెట్టే పాట, కాళ్ల మీద ఊపే పాట ఇవ్వడానికి చాలామంది సంతోషంగానే ఒప్పుకుంటారు. తెలుగు లిపిలో రాసి, వాళ్లకు చదివి వినిపించి, తప్పు దిద్దించుకుని, ఆ తర్వాతే పిలకాయలకు నేర్పుదాం. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ వాళ్లు చుట్టుపక్కల పల్లె బడులకు ఊరి కథలతో, పాటలతో పాఠాల కార్డులు చేసుకున్నారు. పుస్తకం పైనుంచి ఊడిపడక్కర్లేదని మన జిల్లాలోనే అప్పట్లో తేలిపోయింది.

ఒక్క సంగతి మిగిలింది. ఆకు అల్లి చూపించే అవ్వకు మనం ఏమిస్తున్నాం? ట్రైనింగుకు పట్నం నుంచి వచ్చే రిసోర్స్ పర్సన్‌కు రానుపోను ఖర్చు, గౌరవ వేతనం, రిజిస్టరులో పేరు ఉంటాయి. అవ్వకు టీ. ఆమె ఆ పూట గంపలల్లుకుంటే వచ్చే కూలి పోగొట్టుకుని వచ్చింది. వచ్చే సంక్రాంతి సెలవుల్లోపు మన మండలాల్లో ఎవరెవరు ఎందరు అవ్వలను పిలుస్తున్నారు, ఏ పద్దు నుంచి వాళ్లకు ఇస్తారు అన్నది కూర్చుని రాసుకుందాం.