పై తూము

ఒక ఊరి చెరువుకి రెండు తూములు. అడుగు తూము ఊరివాళ్ళది. చెరువులో మోకాలి లోతు నీళ్ళున్నా అది పారుతుంది. పై తూము దానికి మూడు మూరల ఎత్తున ఉంటుంది, అది పొరుగూళ్ళది. కట్ట పోసిన రోజుల్లో చుట్టుపట్ల ఏడూళ్ళవాళ్ళూ వచ్చి మట్టి మోశారు కాబట్టి వాళ్ళకూ నీళ్ళలో పాలు దక్కింది.

ఆ ఊళ్ళో పుట్టినవాడొకడు పొరుగూరికి ఇల్లరికం వెళ్ళాడు. మామగారి ఆరెకరాలు పై తూము కింద ఉన్నాయి. ఆ ఏడు తొలకరి బాగా పడి, చెరువు నిండి మత్తడి దూకింది. అల్లుడు కట్ట మీద నిలబడి చూస్తే కనుచూపు మేర నీళ్ళే. అవతల సొంతూళ్ళో అన్న ఆరెకరాలూ వరి నాటిస్తున్నాడు. ఒకే మట్టి, ఒకే విత్తనం, ఒకే చెరువు, అన్నకు పండింది నాకు పండదా అనుకుని అల్లుడూ మొత్తం వరే నాటాడు. అదీ ఆలస్యంగా కోతకొచ్చే సన్నరకం.

పక్క చేను ఒక ముసలమ్మది. ఆమె కట్ట ఎక్కలేదు, తూము మెట్లు దిగింది. చేతిలో మూరకో ముడి వేసిన తాడు. దాని కొసకు రాయి కట్టి పై తూము గడపరాయి మీదికి జారవిడిచింది. పైకి లాగి, తడిసిన ముళ్ళు లెక్క పెట్టుకుంది. ఆ తర్వాత తూముల నీళ్ళు చూసే నీరటి పక్కన చతికిలబడి అడిగింది: “పోయిన మూడేండ్లు పై తూము ఏ కార్తె దాకా పారింది బిడ్డా?”

“ఒక ఏడు హస్త దాకా పారింది. ఇంకో ఏడు మఖకే ఆగింది. నిరుడు ఉత్తర దాక వచ్చింది అవ్వా.”

ఆమె తూముకు దగ్గరగా పది గుంటల్లో సన్నరకం పెట్టింది, హస్త దాటి పారితే పండగే అని. రెండెకరాల్లో తొందరగా చేతికొచ్చే వడ్లు. మిగతాదంతా పెసలు, నువ్వులు. చూసినవాళ్ళు ముసలిదానికి చాదస్తమన్నారు. చెరువు నిండా నీళ్ళుంటే పెసలేమిటి!

మఖలో వాన మొహం చాటేసింది. ఉత్తర సగానికి వచ్చేసరికి నీళ్ళు పై తూము గడపరాయి కిందికి దిగాయి. అల్లుడి వరి అప్పుడే పొట్టకొచ్చింది. వాడు పరుగున వచ్చి నీరటి మీద పడ్డాడు. “చెరువులో ఇంకా నిలువెత్తు నీళ్ళున్నయి. మా అన్న పొలం పారుతున్నది. నేను ఈ చెరువుల ఈత కొట్టి పెరిగినోణ్ణి!”

“ఈ ఊళ్ళోనే పుట్టినవు పటేలా, కాదనలే. తూము పుట్టుక చూడది. పొలం ఎటున్నదో చూస్తది.”

“నా మట్టిల ఏమన్న లోపమున్నదా మరి?”

“మట్టికేమైంది, బంగారం. నీళ్ళు గడప దిగినయి, అంతే.”

ముసలమ్మకూ పది గుంటల సన్నరకం ఎండింది. కోసి గేదెకు వేసింది. అప్పటికే గింజ గట్టిపడ్డ రెండెకరాల వడ్లు ఇంటికొచ్చాయి. పెసలు అమ్ముకుంది.

నీతి: చెరువును చూసి కాదు, నీ తూము గడపను చూసి నాటుకోవాలి.

ఈ నీతి ఇప్పుడు పొలాల్లో కన్నా, ఐఐటీ, నిట్ సీట్లు పంచే జోసా కౌన్సెలింగ్ నడిచే ఇళ్ళలో ఎక్కువ పనికొస్తుంది. నిట్ కాలేజీల్లో సగం సీట్లు ఆ రాష్ట్రం పిల్లలకు, సగం మిగతా దేశానికి. మొదటిది హోం స్టేట్, రెండోది అదర్ స్టేట్. ఈ సగాల లెక్క ఇవాళ్టిది కాదు. 1959లో నెహ్రూ వరంగల్‌లో పునాదిరాయి వేసిన రీజినల్ ఇంజినీరింగ్ కాలేజీ కాలం నాటిది. కేంద్రమూ రాష్ట్రమూ కలిసి మట్టి మోసిన చెరువది. 2002లో పేరు నిట్ అయింది, తూములు మాత్రం రెండూ అలాగే ఉన్నాయి. ఐఐటీలకు ఈ గొడవ లేదు, అక్కడ రాష్ట్రాన్ని బట్టి వేరే వరస ఉండదు.

తూము పుట్టుక చూడదన్న మాట ఇక్కడ అక్షరాలా నిజం. పన్నెండో తరగతి మొదటిసారి ఏ రాష్ట్రం నుంచి పాసైతే పిల్లవాడు ఆ రాష్ట్రం వాడు. మా ఎదురింటి వాళ్ళది గుంటూరు. అబ్బాయి ఇంటర్ రెండేళ్ళూ హైదరాబాద్ హాస్టల్లో చదివాడు. వాడికి వరంగల్ సొంత తూము అయింది. 2015లో మొదలైన తాడేపల్లిగూడెం నిట్‌కు పరాయివాడయ్యాడు. “మా రేషన్ కార్డు గుంటూరు, ఓటు గుంటూరు, వీడు మాత్రం తెలంగాణా?” అని వాళ్ళ నాన్న రెండు రోజులు తిండి సరిగా తినలేదు. ఈఏపీసెట్‌లో (పాత ఎంసెట్) చూసే స్థానికత లెక్క వేరు, దాన్ని తెచ్చి దీనికి అతికించబోయి చాలామంది ఇలాగే దెబ్బతింటారు.

గడప ఎత్తు ఎంతో ఎవరినీ బతిమాలి అడగక్కర్లేదు. జోసా వెబ్‌సైట్‌లోనే ఏ ఏడుకి ఆ ఏడు, రౌండు వారీగా, బ్రాంచి వారీగా ఓపెనింగ్, క్లోజింగ్ ర్యాంకులు ఉంటాయి. ఒక్కో బ్రాంచికి హెచ్ఎస్ అని ఒక వరస, ఓఎస్ అని ఇంకో వరస. తిరుచ్చి కంప్యూటర్స్ చూస్తూ హెచ్ఎస్ ర్యాంకు మీద ఆశలు పెట్టుకున్న తెలుగు ఇళ్ళు ఎన్నని! అది తమిళ పిల్లల గడప. అలాగని సొంత రాష్ట్రం గడప ఎప్పుడూ కిందే ఉంటుందని కూడా కాదు. జేఈఈ రాసేవాళ్ళు కిక్కిరిసిన చోట సొంత తూము దగ్గరే తొక్కిసలాట, మన రెండు రాష్ట్రాల సంగతి చెప్పేదేముంది.

ఒకచోట మాత్రం కథ కుంటుతుంది. ముసలమ్మకు సన్నరకం కింద పది గుంటలు పోయాయి. కావలసిన కాలేజీలూ బ్రాంచిలూ వరసగా రాసిచ్చే ఆప్షన్లలో ఆ నష్టమూ లేదు. కంప్యూటర్ జాబితాను పైనుంచి చూసుకుంటూ వస్తుంది. పైన రాసింది రాకపోతే కిందివాటికి పిసరంత దెబ్బ కూడా తగలదు. ర్యాంకుకు తగ్గదే మొదట పెట్టమని డబ్బు తీసుకుని చెప్పే పెద్దమనుషులున్నారు. వాళ్ళ మాట వింటే, రాగలిగిన పై సీటు చేతులారా వదులుకున్నట్టే, ఎందుకంటే పైది దొరికాక కిందివి చూడరు. మనసుకు నచ్చిన వరసలో రాసుకుంటూ పోవాలి, చివర పెసలూ నువ్వులూ మాత్రం మరవకూడదు. సీటొచ్చాక ఫ్లోట్ పెడితే చేతిలోది ఉంచుకునే పైవాటికి ఎదురుచూడొచ్చు. పైది వస్తే చేతిలోది పోతుంది.

ఎదురింటాయన ఆఖరికి పోయిన మూడేళ్ళ కాగితాలూ ప్రింటు తీయించాడు. వరంగల్ ఒక్కటి వదిలి, మిగతా ప్రతి నిట్‌లోనూ హెచ్ఎస్ వరసలన్నీ ఎర్ర పెన్నుతో కొట్టేశాడు, కన్ను అటు జారకుండా. ఓఎస్ వరస కింద స్కేలు పెట్టి, ఒక్కో అంకె పైకి చదువుతుంటే అబ్బాయి టైపు చేశాడు. తెల్లారితే ఆప్షన్లు లాక్ చేయాలి. మొదటి గడిలో తిరుచ్చి ఉంది. మూడేళ్ళలో ఒక్క ఏడూ వాడి ర్యాంకు దాకా రాలేదది.

“తీసేద్దామంట్రా?” అన్నాడు తండ్రి.

“ఉండనీ నాన్నా” అని వాడు రెండో గడికి వెళ్ళాడు.