దేశాచారమూ పరదేశ విద్యాభ్యాసమూ

కోయంబత్తూరు, మధుర ప్రాంతాల్లో కొన్ని శతాబ్దాలుగా స్థిరపడి ఇంట తెలుగునూ బయట తమిళాన్నీ మాట్లాడుతూ వచ్చిన కుటుంబాల నుంచి ఒక విద్యార్థి సెమిస్టరు చదువు కోసం ఐరోపాకో అమెరికాకో వెళ్ళినప్పుడు అతనికి ఎదురయ్యే ప్రశ్న ధర్మశాస్త్రకారులకు కొత్తది కాదు. మనిషి దేశం మారినప్పుడు అతని నడవడిలో ఏది మారినా ఫరవాలేదు, ఏది మారితే అతడు స్వధర్మం తప్పినట్లు? భోజన నియమం, బొట్టు, పండుగ, పెళ్ళి సంబంధం ఇవన్నీ ఒకే బరువు గలవా, లేక వాటిలో కొన్నే ధర్మమై, తక్కినవి దేశాచారాలు, అంటే ఒక ప్రాంతపు పెద్దలు పాటిస్తూ వచ్చినందువల్ల మాత్రమే ప్రమాణమైన అలవాట్లు, అవుతాయా అన్నదే ఇందులోని చిక్కు.

బౌధాయన ధర్మసూత్రం ఆరంభంలోనే ఈ చిక్కు కనిపిస్తుంది. దక్షిణాదిన ఐదు, ఉత్తరాదిన ఐదు వివాదాస్పదమైన ఆచారాలున్నాయని చెప్పి, మేనమామ కూతురిని గాని మేనత్త కూతురిని గాని పెళ్ళాడటాన్ని దక్షిణాది పట్టికలోనూ, ఉన్ని అమ్మడాన్నీ సముద్రయానాన్నీ ఉత్తరాది పట్టికలోనూ చేర్చిన ఆ గ్రంథం, ఒక దిక్కు ఆచారాన్ని మరో దిక్కున పాటించినవాడు దోషి అనీ, ఎక్కడి ఆచారానికి అక్కడి దేశమే ప్రమాణమనీ అంటుంది. ఆ వెంటనే, ఇది సరికాదన్న గౌతముని అభ్యంతరాన్ని ఉదాహరించి, శిష్టుల స్మృతికి విరుద్ధమైన ఆ రెండు తీరులనూ ఆదరించరాదని తేలుస్తుంది. తరువాతి గ్రంథాలు కలివర్జ్యాల్లో, అనగా కలియుగంలో విడిచిపెట్టవలసిన పనుల్లో, ఓడ ఎక్కిన ద్విజుణ్ణి ప్రాయశ్చిత్తం తరువాతనైనా సరే తిరిగి కలుపుకోవడాన్ని లెక్కించాయి. ఒకే చర్చలో ఎదురెదురుగా నిలిచిన ఈ రెండింటిలో మేనరికాన్ని ముచ్చటగా నిలుపుకొని, సముద్రయానాన్ని మాత్రం శాస్త్రం పేరు చెప్పి అడ్డగించిన దక్షిణాది కుటుంబాలను చూస్తే, శాస్త్రం కంటే అలవాటే గట్టిదని ఒప్పుకోక తప్పదు.

పైగా మధుర తెలుగువారు తామే దేశం దాటి వచ్చినవారు. 1529లో విశ్వనాథ నాయకుడు విజయనగర ప్రతినిధిగా అక్కడ పాలన నెలకొల్పడంతో వలసలు ఊపందుకున్నాయి. ఆ తెలుగువారిలోని రాజకంబళం నాయకర్ల వలస గాథలో నిండుగా పారే ఏటి ఇరుగట్ల మీది కానుగ చెట్లు వంగి, వంతెనగా మారి వారిని దాటించాయి. అందుకే ఆ చెట్టు వారికి పూజ్యం. ఆ గాథలో నీరు దాటడం దోషం కాదు, దైవానుగ్రహం.

దేశం దాటి వచ్చి విద్య నేర్చినవాడి కథ మధురలోనే ఒకటి ఉంది, అయితే అది ఎదురు దిశలో నడిచింది. ఇటలీలో పుట్టిన రాబర్టో డి నోబిలి అనే జెసూట్ మతగురువు 1606లో మధుర చేరి, తమిళమూ తెలుగూ నేర్చి, శివధర్ముడనే తెలుగు బ్రాహ్మణుని వద్ద సంస్కృతం చదివాడు. ఆ నగరంలో పదివేలకు పైగా విద్యార్థులున్నారనీ, రెండు మూడు వందల మంది చొప్పున గురువుల వద్ద చదువుతున్నారనీ, వేదాంతం చదివేవారి పోషణకు నాయక రాజు నిధులు ఏర్పరచాడనీ ఆయన 1610లో రాసిన లేఖ చెబుతుంది. ఆయన మాంసం మాని, కాషాయం కట్టి, బ్రాహ్మణుడు వండిన అన్నం తిని, తత్త్వబోధక స్వామి అని పిలిపించుకున్నాడు. సాటి మతగురువులు కొందరు ఇది ధర్మత్యాగమని ఫిర్యాదు చేయగా, జంధ్యం, పిలక, గంధం మతచిహ్నాలు కావనీ, సంఘంలో హోదాను తెలిపే గుర్తులు మాత్రమేననీ, కనుక క్రైస్తవంలో చేరినవారు వాటిని వదలనక్కర్లేదనీ ఆయన సంస్కృత గ్రంథాల ఆధారంతో వాదించాడు. 1623లో పోపు పదిహేనవ గ్రెగరీ కొన్ని షరతులతో ఆ వాదాన్ని అంగీకరించాడు. బౌధాయన చర్చలో దేశం పేరుతో పడిన గీత వంటిదాన్నే నోబిలి మతానికీ లోకాచారానికీ మధ్య వేశాడు.

ఆ గీత ఎక్కడ వేయాలో నిర్ణయించేవాడు నిష్పక్షపాతి కాడన్నది ఇక్కడి అసలు విషయం. హోదా గుర్తులన్నీ లోకాచారమే అనడంతో కులం కూడా లోకాచారాల ఖాతాలో చేరి, విమర్శకు అందకుండా పోయింది. అగ్రవర్ణాల నుంచి వచ్చిన క్రైస్తవులు, తక్కువగా చూడబడిన కులాల క్రైస్తవులకు వేరుగా ఉండటానికి అది సమర్థన అయింది. కోయంబత్తూరు పరిసరాల్లో కమ్మవారితో పాటు ఇంట తెలుగే మాట్లాడే దళితులైన అరుంధతియర్లు కూడా ఉన్నారు గాని, భాష ఒకటైనా పంక్తి ఒకటి కాలేదు. ఈ కులభేదపు మూట సముద్రం దాటినంత మాత్రాన విప్పుకోదు గనుకనే, కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ 2022లో తన వివక్ష నిరోధక నియమాల్లో కులాన్ని పేరు పెట్టి చేర్చింది.

మళ్ళీ మన విద్యార్థి దగ్గరికి వస్తే, అతని సెమిస్టరు ఇంచుమించు నాలుగు నెలలు. సన్న్యాసి వానాకాలంలో ఒకేచోట నిలిచే చాతుర్మాస్య వ్రతానికి పేరును బట్టి అంతే నిడివి. (పక్షాన్నే మాసంగా లెక్కించి రెండు నెలలకు ముగించే పీఠాలూ ఉన్నాయి.) తక్కిన కాలమంతా ఊళ్ళో ఒక రాత్రి, పట్టణంలో ఐదు రాత్రులు మించి ఉండరాదన్న నియమం స్థలం మీద మమకారం పుట్టకుండా ఏర్పడింది. అయితే సన్న్యాసి ఆచార భారాన్ని చాలావరకు ముందే దించుకొని బయలుదేరుతాడు. విద్యార్థి అంతా వెంట తీసుకుపోతాడు. ఇంట్లో ఎవరూ అడగని ‘ఎందుకు’ అన్న ప్రశ్నను అక్కడి సహాధ్యాయులు అమాయకంగా అడిగినప్పుడు, ‘మా ఇంట్లో ఇంతే’ అన్న జవాబు దేశమే ప్రమాణమన్న పాత సూత్రానికి రూపాంతరం మాత్రమేనని, ఆ దేశం విడిచి వచ్చినవాడికి అది ఆసరా కాదని అతనికి తెలిసివస్తుంది. ఇంచుమించు ఐదు దశాబ్దాలు మన దేశంలో గడిపి 1656లో మైలాపూరులో మరణించిన నోబిలే పొరపడిన విభజన నాలుగు నెలల్లో తేలుతుందని ఆశించలేము. తరచు సడలేది భోజన నియమం, సడలనిది సంబంధాల దగ్గర కులం. మొదటిది ఎక్కువగా తననే నిగ్రహించుకునే నియమం, రెండోది ఎదుటివాడిని దూరంగా ఉంచేది గనుక, గౌతముని అభ్యంతరం ముందుగా తగలవలసింది రెండోదానికే.